షావుకారు జైల్లో ఉండగా

షావుకారును, అతని అల్లుణ్ణి రాజభటులు జైల్లోకి తోసి తాళం వేసిన మరుక్షణం పంతులు గొంతు తెగిపోయింది. టక్‌మని ఒక చప్పుడు. ఆ వెంటనే టేపు రికార్డర్‌లోంచి సాంచా మొదలైంది. ఖటక్ ఖటక్ ఖటక్ ఖటక్, కరెంటు మగ్గం, పూర్తి వేగంతో, సత్యనారాయణ వ్రతం మూడో అధ్యాయం నడిమధ్యలో, కొత్తింట్లో, చుట్టాలందరి ముందు. నా చేతిలో అక్షింతలు అలాగే ఉండిపోయాయి. పీట మీద ఉన్నాను. నా చీరకొంగుకూ ఆయన కండువాకూ ముడి వేసి ఉంది. వ్రతం ముగిసేదాకా లేవకూడదు, వేరే మాట మాట్లాడకూడదు. చేయగలిగింది ఒక్కటే, చూడటం. చూశాను. గదిలో ఉన్నవాళ్లంతా టేపు రికార్డర్‌ను చూస్తున్నారు. తర్వాత, ముందే మాట్లాడుకున్నట్టు, అందరూ తలలు తిప్పి నన్ను చూశారు.

ఎందుకంటే ఆ పెట్టె నాది. మధ్యాహ్నాలు చీరలకు మెరిసే టిక్కీలు అతికించి, ఆ కూలితో కొనుక్కున్నది. పంతులు లేకపోతే ఏం, పోయినేడాది ఆయన చెప్పిన కథ క్యాసెట్లో ఉంది కదా, అదే పెట్టి వ్రతం చేసుకుందాం అన్నదీ నేనే. పెట్టె నాది, ఆలోచన నాది, కాబట్టి నేరం నాది. ఇంత సులువుగా తేలిపోయే కేసు నేను అద్దెకు తెచ్చుకుని చదివే డిటెక్టివ్ పుస్తకాల్లో ఒక్కటీ లేదు.

టేపు పక్కన కూర్చున్న నా ఆడబిడ్డ సుమన బటన్ మీద వేలు పెట్టింది.

"ముట్టకు," అంది అత్త.

"అమ్మా, ఏదో గడ్‌బడ్ అయింది. జర ఆగే చేస్తా, పంతులు ఎక్కడున్నడో చూద్దాం."

"ముట్టకు అంటున్న గదా. కథ షురువైనంక నడుమల ఆపద్దు. పంతులు నోరు మూస్తవా నువ్వు?"

"పంతులేడున్నడే? ఇది సాంచా."

"సాంచా ఐపోయినంక పంతులొస్తడు. కూసో."

అయిపోయింది. మా అత్త ఐలమ్మ కూసో అన్నాక కూర్చోవడమే. టేపు పంతులుతో సమానమని ఒప్పుకోవడానికి ఆమెకు నెల పట్టింది. ఒప్పుకున్నాక ఇప్పుడు పంతులుకిచ్చే మర్యాద అంతా టేపుకు ఇస్తోంది. ఆపడం పాపం, ముందుకు తిప్పడం కథ ఎగ్గొట్టడం. కాబట్టి చేతులు జోడించుకుని అందరం సాంచా చప్పుడు వింటున్నాం, కలశం ముందు, అగరొత్తుల పొగలో, భక్తిగా. ఆయన పెదవులు కదలకుండా "ఇది నీ పాటల క్యాసెట్టా" అని గొణిగాడు. కాదన్నట్టు గట్టిగా తలాడించాను. కొంగుముడి లాగేసరికి ఆయన కండువా జారింది. కట్టుకున్నవాడికే అనుమానం. ఇంక ఊళ్లోవాళ్లను ఏమనగలను.

పొద్దున అత్త అన్న మాట చెవుల్లో తిరుగుతోంది. గీ పెట్టె ఇయ్యాల ఏమన్న షైతాన్ పని చేసిందనుకో, రేపే భంగార్‌వాలాకు ఇస్త, చెప్తున్న. ఇచ్చేస్తుంది. పాత ఇంట్లో పొగ ఎక్కువ వస్తోందని స్టవ్వును అలాగే ఇచ్చేసింది, దాని మీద పప్పు ఉడుకుతుండగానే. నా పెట్టె పాత ఇనుములో కలిసిపోతుంది. పోతే పగలు ఈ గోడలతో నేనేం మాట్లాడను? పాత ఇల్లున్న సలాబత్‌పురాలో తలుపు తీస్తే మనుషులు. సూరత్ ఊరి చివర ఈ కామ్‌రేజ్ సొసైటీలో తలుపు తీస్తే ఇంకా రంగు వేయని గోడలు, ఇసుక కుప్పలు, దూరంగా హైవే మీద లారీలు. ఆయన సచిన్‌లో మిల్లు పనికి వెళ్లి చీకటి పడ్డాక వస్తాడు, సుమన కాలేజీకి పోతుంది. నాకు మిగిలేది ఆ పెట్టె. ఆకాశవాణిలో పాట రాగానే తడిచేత్తో పరుగెత్తి ఎర్ర బటన్ నొక్కుతాను. అందుకే నా క్యాసెట్లలో ప్రతి పాటా మొదటి చరణం నుంచే ఉంటుంది, పల్లవి ఒక్కదానికీ ఉండదు.

అదే నా మీద పెద్ద సాక్ష్యం. ఎర్ర బటన్ నొక్కే అలవాటు ఈ ఇంట్లో నాకే ఉందని అందరికీ తెలుసు. సరే, నేను కాదని నాకు తెలుసు. పంతులు క్యాసెట్ పాడవకూడదనే కదా, పోయినేడు రికార్డు అవగానే మా ఆయన చేత దాని నెత్తిన ఉన్న చిన్న ప్లాస్టిక్ రేకు విరగ్గొట్టించాను. ఆ రేకు విరిగితే ఎర్ర బటన్ దిగదు. ఎవరూ దాని మీద ఇంకొకటి పట్టలేరు. మరి ఎలా పట్టారు? తాళం వేసిన గదిలో హత్య. అబ్బ, ఇలాంటి కేసు కోసం నేను ఎన్ని పుస్తకాలు చదివానో, తీరా వస్తే పీట మీద కట్టేసి ఉన్నాను.

"మా దిక్కు పంతులు కథ చెప్తడు," అని వెనకనుంచి వెంకటవ్వ గొంతు, గుసగుస అనుకుని గదంతా వినిపించేలా. ఆమె మా మామకు చెల్లెలు, మొగుణ్ణి వెంటబెట్టుకుని ఉధనా నుంచి బస్సులో వచ్చింది. "మీ ఇంట్ల సాంచా చెప్తున్నది. ఏం పున్నెమొస్తదో గని బట్ట మాత్రం మస్తు నేస్తది."

నవ్వులు. అత్త వెనక్కి చూసేసరికి దగ్గులుగా మారాయి. ఇంతలో టేపులో సాంచా వెనకనుంచి ఎవడో "చాయ్, చాయ్" అని కేకేసుకుంటూ పోయాడు. వెంకటవ్వ భర్త బక్కయ్య, మర్యాదగా చెయ్యెత్తి, "నాకొక సగం," అన్నాడు. ఈసారి నవ్వులు దగ్గులుగా కూడా మారలేదు. నాకూ నవ్వొచ్చింది, పళ్లు బిగబట్టి దేవుడి పటం వైపు చూశాను. సత్యనారాయణస్వామి కూడా పెదాలు బిగబట్టినట్టే ఉన్నాడు.

పంతులు పేరు బ్రహ్మచారి, ఆయనకు ఇంటినిండా పిల్లలు. సూరత్‌లో మన కథ మన భాషలో చెప్పే మనిషి కావాలంటే ఆయన కోసం బారులు తీరాలి. పెళ్లిళ్ల రోజుల్లో ఆయన కరీంనగర్ దిక్కు వెళ్లిపోతాడు, తిరిగొచ్చేదాకా ఇక్కడ ఎవరి కొత్తిల్లూ ఇల్లు కాదు. అందుకే ఆయన కథ క్యాసెట్లలో ఇల్లిల్లూ తిరుగుతుంది. మాది పోయినేడు అత్తామామలు పీటల మీద కూర్చున్నప్పటి క్యాసెట్. దాంతో పొద్దున ఒక చిక్కు వచ్చిపడింది. సంకల్పం దగ్గర పేర్లు మావి కాదు కదా, వాళ్లవి పలికాయి. "సోమలింగ నామధేయస్య" అని టేపు అనగానే అత్త సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆయన నా చెవిలో, పూజ మనం చేస్తున్నం, పున్నెం మా బాపుకు పోతున్నది అన్నాడు. పోతే పోనీ, ఇంట్లోనే కదా ఉంటుంది అనుకున్నాను.

సరే, అనుమానితులు. ఒకటి సుమన. పుట్టింది సూరత్, తెలుగు కథ కన్నా గర్బా పాటలకు కాళ్లు తొందరగా లేస్తాయి. కానీ అది పట్టి ఉంటే ఈపాటికి గదిలో డోలు మోగేది, సాంచా కాదు. రెండు, ఆయన. రోజంతా మిషన్ల మధ్య ఉండి వచ్చే మనిషి, ఇంటికొచ్చాక ఫ్యాను చప్పుడు కూడా తగ్గించమంటాడు. ఈయన సాంచాను రికార్డు చేయడమా? మూడు, అత్త. ఇక్కడ నా ఆలోచన ఆగింది. దసరా. దసరా రోజున పాత ఇంటి కింది కార్ఖానాలో సాంచాకు పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టేవాళ్లు. అన్నం పెట్టేది అదే కదా. ఈ ఇంట్లో సాంచా లేదు. అత్తకు చేతులు ఊరుకోలేదు, మిక్సీకి పెట్టింది, కుట్టు మిషన్‌కు పెట్టింది, నా టేపు రికార్డర్‌కు పెట్టింది, ఆఖరికి క్యాసెట్లన్నీ వరసగా పేర్చి, బియ్యప్పిండి కలిపిన పసుపు ముద్ద ఒక్కోదానికీ మెత్తింది. ముఖ్యంగా పంతులు క్యాసెట్‌కు. అందులో కథ ఉంది, అదే దేవుడు అంటూ ఒక ముద్ద ఎక్కువే పెట్టింది. ఆ ముద్ద ఎండింది. నా కళ్ల ముందు ఇప్పుడు కనబడుతోంది, రేకు విరిగిన గుంత నిండా రాయిలా ఎండిన పసుపు, మీద కుంకుమబొట్టు. గుంత పూడిపోయింది. ఎర్ర బటన్ దిగుతుంది. తాళం తీసింది అత్త. కానీ లోపలికి వచ్చింది ఎవరు?

ఖటక్ ఖటక్ ఖటక్. విచిత్రం, చప్పుడు సాగేకొద్దీ గదిలో జనం సర్దుకుంటున్నారు. ముందు బిగుసుకుని కూర్చున్నవాళ్లు గోడలకు చేరబడ్డారు. ఎవరి కాలో తాళం వేస్తోంది. ఆయన భుజాలు కూడా దిగాయి. మేమంతా ఈ చప్పుడులోనే పుట్టినవాళ్లమో, పెరిగినవాళ్లమో, కాపురానికి వచ్చినవాళ్లమో. సలాబత్‌పురాలో మా గది సరిగ్గా కార్ఖానా పైన ఉండేది. నేల ఎప్పుడూ సన్నగా వణికేది, స్టీలు గ్లాసులు వాటంతట అవే అరుగు చివరికి నడిచి కింద పడేవి. నేను కొత్తగా వెళ్లినప్పుడు ఆ చప్పుడుకు నిద్ర రాక ఏడ్చాను. ఇక్కడికి వచ్చిన మొదటి వారం ఆ చప్పుడు లేక నిద్ర రాలేదు. అందరం ఎర్ర కళ్లతో తిరిగాం. తర్వాత ఒక్కొక్కరమే అలవాటు పడ్డాం.

ఒక్కరు తప్ప.

అంతే, ఆ మాట దగ్గర నా మెదడు గిర్రున తిరిగింది. మామ. బతుకంతా సాంచాల మీద రాత్రి పాళీ, అదే నైట్ షిఫ్టు, చేసిన మనిషి. మోకాళ్లు మొరాయించాయని కొడుకు పని మాన్పించి ఈ నిశ్శబ్దంలోకి తెచ్చి పడేశాడు. నిద్ర పట్టక వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. పాలవాడికి తలుపు తీసేది ఆయనే, పేపరు వాడికి ఎదురెళ్లేది ఆయనే. నిద్రమాత్ర వద్దన్నాడు, వేడిపాలు వద్దన్నాడు. దీపావళికి ముందు ఒకరోజు, మోకాళ్లకు నూనె ఇచ్చే వైద్యుడు సలాబత్‌పురాలో ఉన్నాడని పెద్ద సంచీతో బయల్దేరాడు. నూనెకు అంత సంచీ ఎందుకు మామా అని అడిగితే, ఎక్కువ ఇస్తాడేమో అన్నాడు. ఆ రోజు నా పెట్టె కనబడలేదు, సుమన పక్కింటికి ఇచ్చిందనుకున్నాను. సాయంత్రానికి పెట్టె చోటులో పెట్టె ఉంది, లోపల మాత్రం కొత్త సెల్లులు. నేను వాడేది కరెంటు తీగ, సెల్లులు ఎవరికి కావాలి అని ఒక్క క్షణం అనిపించి, పప్పు పొంగి, మరిచిపోయాను. ఆ తర్వాత మామ నిద్రపోవడం మొదలుపెట్టాడు. నూనె భలే పనిచేసిందని అత్త ఇరుగుపొరుగుకు చెప్పింది. నాకూ అప్పుడప్పుడు వాళ్ల గది దగ్గర సన్నగా సాంచా వినబడేది, అలవాటైన చెవులు, వదలవు అనుకున్నాను.

ఇంకా ఉంది. ఈ పొద్దున. టేపును ఆడవాళ్ల ఆటబొమ్మ అని తీసిపారేసే మామ, ఇవాళ ఉన్నట్టుండి వ్రతం మీద ఎన్నడూ లేని పట్టు పట్టాడు. పంతులు లేక వ్రతమేంది, వాయిదా ఏద్దాం. మబ్బు పట్టింది, వాయిదా ఏద్దాం. కరెంటు పోతదేమో, వాయిదా ఏద్దాం. అప్పుడు భక్తి అనుకున్నాను. భక్తి కాదు, భయం. పసుపు కింద పేరు కనిపించక చేతికి దొరికిన క్యాసెట్ తీసుకుపోయి కార్ఖానాలో సాంచా చప్పుడు పట్టుకొచ్చాడు, అది పంతులుదని ఆయనకు తర్వాత తెలిసిపోయింది. వెనక్కి తిప్పినప్పుడల్లా పంతులు గొంతు వినబడకుండా ఉంటుందా? ప్రతి నిద్రకూ ముందు షావుకారు జైలుకు పోతూ ఉంటే వినీ విననట్టు పడుకున్నాడు పాపం.

మెల్లగా తల తిప్పి తలుపు పక్కన చూశాను. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్న ఆ గదిలో, గోడకు చేరబడి, చేతులు ఒడిలో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, పట్టుపంచెలో మా మామ హాయిగా నిద్రపోతున్నాడు.

దొరికాడు. దొరికితే మాత్రం నేనేం చేయను? పుస్తకాల్లో డిటెక్టివ్ లేచి నిలబడి వేలు చూపిస్తాడు. అతనికి మామ ఉండడు. కొత్తింట్లో మొదటి వ్రతం, పీట మీద కోడలు, చుట్టాల మధ్య మామ వైపు వేలు చూపించడమా? చూపించకపోతే పెట్టె పోతుంది, పెట్టెతో పాటు, దేవుడి కథ మీద మిషన్ చప్పుడు పట్టిన కోడలు అన్న పేరు ఉధనా దాకా బస్సెక్కి పోతుంది. ఆయన ముఖం చూశాను. ఆయనా అటే చూస్తున్నాడు, తండ్రి వైపు. ఆయనకూ తెలిసిపోయింది. కానీ పెదవి విప్పడు, కొడుకు కదా. ఇద్దరం కలశం మీద కొబ్బరికాయ వైపు తిరిగి, ఏమీ తెలియనట్టు, ఒకే ముడిలో కూర్చున్నాం.

టేపు అయిపోయింది. టక్. చప్పుడు ఆగిన ఆ నిశ్శబ్దానికి మామ ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"ఏందిరా, కరెంటు పోయిందా?"

"పోలే బావా," అన్నాడు బక్కయ్య. "పాళీ ఐపోయింది, ఇంటికి పో."

గది పగలబడి నవ్వింది. వెంకటవ్వ ఒక్కతే నవ్వలేదు.

"నవ్వుతరేంది? ఉపాసమున్న మనిషికి కన్నంటుకుంటె నేరమా? మా అన్నకు ఆ పెట్టె మూత యాడుంటదో ఎరికేనా? రోజు దాని ముందల కూసునేది ఎవ్వలు, పాటలు పట్టేది ఎవ్వలు? కోడల్ని అడుగుండ్రి. ఏం నీరజా, జవాబు లేదా?"

జవాబు నాలుక చివర ఉంది. మింగాను. మామ కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. నోరు తెరిచాడు, అత్త వైపు చూశాడు, మూసుకున్నాడు. చుట్టాలకు కాదు, ఆమెకు భయపడుతున్నాడు.

"క్యాసెట్ పల్టాయిస్తా అమ్మా," అంది సుమన, గొడవ దాటించడానికి. "అవతలి దిక్కు నాలుగో అధ్యాయం ఉంటది."

"ఎట్ల పల్టాయిస్తవ్?" అంది అత్త. "షావుకారు ఇంక జైల్లనే ఉన్నడు. తాళం తియ్యకుంట పడవెట్ల ఎక్కుతడు?"

అత్త లేచి వచ్చి నా పీట పక్కన కూర్చుంది. "మిగిలిన ముక్క నేను చెప్త. మా అవ్వ చెప్పంగ ఇన్న, నోటికొచ్చు. గని సత్తెనారాయణ సామి ముందల కూసొని, ఇంట్ల అబద్దం పెట్టుకొని కథ చెప్పరాదు. నా కోడలు చెయ్యలే."

"మరెవ్వలు చేసిండ్రు వదినె?"

"పక్కపొంటి పండుకునేదాన్ని, నాకెరుకుండదా. రాత్రి గా పెట్టె దిండు పక్కన పెట్టుకొని ఇంటడు. ఏదో వట్టి క్యాసెట్ అనుకున్న, పోనీ, నిద్ర పడుతున్నది గదా అని ఊకున్న. పంతులు మీదనే పట్టిండని ఇప్పుడే తెలిసింది."

"ఎవ్వలు?"

"గా మనిషే."

వెంకటవ్వ కళ్లల్లో కోపం పోయి ఇంకేదో మెరిసింది. మా ఇళ్లల్లో భార్య మొగుడి పేరు నోటితో అనదు. నేనూ అనను. అత్త రేషన్ ఆఫీసులో కూడా పక్కవాళ్ల చేత చెప్పిస్తుంది. అత్త పెళ్లినాడు గడప దగ్గర అడ్డం నిలబడి, పేరు చెప్తేనే లోపలికి అని పట్టుబట్టిన ఆడబిడ్డ ఈ వెంకటవ్వే. అత్త చెప్పలేదట, వంటలు చల్లారిపోతున్నాయని పెద్దవాళ్లే వెంకటవ్వను ఎత్తి పక్కన పెట్టారట.

"గా మనిషంటే నాకేం తెల్వాలె? గీడ మస్తుమంది మనుషులున్నరు. పేరు చెప్పు."

"పిల్లల తండ్రి."

"ఏ పిల్లల తండ్రి? మా ఆయనకు గూడ పిల్లలున్నరు."

"నేను కాదు తల్లీ," అన్నాడు బక్కయ్య వెనకనుంచి. "నాకు చాయ్ గూడ రాలే."

"పేరు చెప్పు వదినె. షావుకారు జైల్లున్నడు."

"ఇడిసిపెట్టు వెంకటవ్వా," అన్నాడు మామ, బతిమాలుతున్నట్టు.

అత్త నా ముఖం చూసింది. ఆ చూపు నేనెప్పుడూ ఎరగను, నవ్వు ఉంది, నాకోసం ఏదో పోగొట్టుకుంటున్న తెగింపు ఉంది. చెయ్యి చాచి నా పెట్టెను దగ్గరకు లాక్కుని ఒడిలో పెట్టుకుంది. కొంగు నెత్తి మీదకు లాక్కుంది, ఏమనుకుందో మళ్లీ తీసేసింది. దేవుడి పటం వైపు తిరిగి, చేతులు జోడించి, గదంతా వినబడేలా అంది.

"సోమలింగం."